కంటికి తెర, చేతిలో కత్తెర, మెడకు కాలర్: ఒక కరోటిడ్ కేసు

ఈ కేసు రాయడానికి పేషెంట్ ఒప్పుకున్నారు. ఆయన్ని గుర్తు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

సుల్తాన్ బజార్ వెనక సందుల్లో ఒక చిన్న లేడీస్ టైలర్ షాపు. ఆయన అక్కడ కటింగ్ మాస్టర్. వయసు 69. చిన్నప్పుడు కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, యాభై ఏళ్లకు పైగా అదే పని. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది. బీపీ ఎప్పటి నుంచి ఉందో ఆయనకే తెలియదు. బీడీలు రోజుకో కట్ట. ఇంతవరకు చదివితే డాక్టర్లెవరికైనా కథ ఎటు పోతుందో అర్థమైపోతుంది. కానీ కథ నడుస్తున్నప్పుడు ఆయన్ని చూసిన మాకెవరికీ అర్థం కాలేదు. ఆ 'మాకు'లో నేనూ ఉన్నాను.

మొదటిసారి ఆగస్టు చివర్లో వచ్చింది. మధ్యాహ్నం బట్ట మీద చాక్‌తో గీత గీస్తుంటే ఎడమ కన్ను చీకటైంది. "షట్టర్ గుంజినట్టు అయింది సార్, మీదికెల్లి కిందికి" అన్నారు. ఆయన చేసిన ఒక మంచి పని, అప్పటికప్పుడు ఒక్కో కన్నూ మూసి చూసుకోవడం. కుడి కంటితో చాక్ గీత తెల్లగా కనిపిస్తోంది, ఎడమ కంటితో ఏమీ లేదు. చాలామంది ఇలా చూసుకోరు. "చూపు మసకబారింది" అని మాత్రం చెప్తారు. అప్పుడు లోపం కంటిలో ఉందా, మెదడులో ఉందా అన్నది తేల్చుకోవడం మాకు కష్టమవుతుంది. ఐదు నిమిషాల్లో తెర లేచిపోయింది.

మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు. శుక్లం మొదలైందన్నారు, ఆర్నెల్లు ఆగి చూద్దామన్నారు. శుక్లం నిజంగానే ఉంది. ఆ వయసులో ఎవరికి ఉండదు? కానీ శుక్లం ఐదు నిమిషాలు వచ్చి పోయేది కాదు.

తొమ్మిది రోజుల తర్వాత కత్తెర జారింది. ఇత్తడి పిడి ఉన్న పెద్ద కత్తెర, అరకిలో పైనే ఉంటుంది. కుడిచేతిలోంచి జారి టేబుల్ మీద పడింది. తీద్దామంటే వేళ్లు మాట వినలేదు. పావుగంటలో మళ్లీ మామూలే. పక్క షాపువాళ్లు దగ్గర్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే "నరాల బలహీనత" అని బీకాంప్లెక్స్ ఇంజెక్షన్ చేశాడు. రెండు రోజులాగి కొడుకు ఎముకల డాక్టరుకి చూపించాడు. ఎక్స్‌రేలో మెడ ఎముకల అరుగుదల కనిపించింది. యాభై ఏళ్లు తల వంచుకుని గుడ్డ కోసిన మనిషికి మెడ అరగకపోతే ఆశ్చర్యపోవాలి. కాలర్ ఇచ్చారు.

మూడోసారి మాట పోయింది. వరంగల్లో ఉండే కూతురితో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఉన్నట్టుండి "అది, అది" అంటున్నారు గానీ మాట రావడం లేదు. వచ్చిన మాట అతకడం లేదు. కూతురు ఫోన్ పెట్టేసి తమ్ముడికి చేసింది: "నాన్న మాట తేడాగా ఉంది, ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకుపో." తమ్ముడు వెంటనే 108కి ఫోన్ చేశాడు. ఈ కేసులో సరైన సమయంలో సరైన పని చేసిన మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆమె చదివింది ఇంటర్మీడియట్.

ఎడమ కన్ను, కుడి చెయ్యి, మాట. పైకి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేనివి. మెడలో ఎడమవైపున ఉన్న కరోటిడ్ ధమని దగ్గర నిలబడి చూస్తే మూడూ ఒకే ఇంటివి. ఆ ధమని మెడలో పైకి వచ్చి రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికి పోతుంది, ఇంకోటి మెదడుకి. మెదడుకి పోయే కొమ్మ లోంచి మొట్టమొదట విడిపోయే ముఖ్యమైన చిన్న నాళం కంటికి వెళ్తుంది, అదే వైపు కంటికి. మిగతా రక్తం మెదడు ఎడమ సగానికి పోతుంది. ఆ సగం కుడిచేతిని నడిపిస్తుంది. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా మాట కూడా ఆ సగంలోనే ఉంటుంది. అందుకే ఎడమ కన్ను, కుడి చెయ్యి అని పేషెంట్ చెప్పగానే మా చూపు ఎడమ మెడ మీదికి పోవాలి. ఆయన కన్ను ఒక డాక్టరు చూశారు, చెయ్యి ఇంకొకరు చూశారు. రెండు చీటీలూ కొడుకు చొక్కా జేబులోనే, ఒకదాని మీద ఒకటి మడతపెట్టి ఉన్నాయి.

ఎమర్జెన్సీకి వచ్చేసరికి మాట వచ్చేసింది. చెయ్యి బాగుంది. బీపీ 178/96, మూడు నెలల షుగర్ లెక్క 8.2, చెడ్డ కొలెస్ట్రాల్ 142. ఈసీజీలో గుండె లయ సరిగానే ఉంది. ఎంఆర్ఐలో మాత్రం మెదడు ఎడమ సగంలో మూడు చిన్న తెల్లచుక్కలు, మిరియపు గింజలంత. బయటికి ఏ లోపమూ లేకపోయినా లోపల మూడుచోట్ల మెదడు చచ్చిపోయిందన్నమాట. 'వచ్చి పోయింది' అని మనం అనుకునేది చాలాసార్లు పూర్తిగా పోదు.

రక్తం పలచన చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి మొదలుపెట్టారు, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మందు అటోర్వాస్టాటిన్ 80 ఇచ్చారు. మెడ డాప్లర్ చేశారు, అంటే నాళంలో రక్త ప్రవాహాన్ని చూసే అల్ట్రాసౌండ్. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6 ఉండటంతో, కిడ్నీల మీద భారం వేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించి నాళాల బొమ్మ తీసే సీటీ యాంజియోగ్రామ్ మర్నాటికి వాయిదా వేశారు. రాత్రి పదిన్నరకు డ్యూటీ డాక్టర్ నాకు ఫోన్ చేసింది.

"సార్, లెఫ్ట్ ఇంటర్నల్ కరోటిడ్ టోటల్ బ్లాక్. డాప్లర్ రిపోర్ట్ వచ్చింది."

"టోటల్ అయితే మనం చేసేదేం లేదమ్మా. మందులే. పొద్దున చూస్తాను" అన్నాను. నిద్రపోయాను.

అలా అనడం వెనక లెక్క ఉంది. మెదడుకి పోయే కరోటిడ్ పూర్తిగా మూసుకుపోతే సాధారణంగా దాన్ని తెరవం. దాన్ని దాటించి పుర్రె బయటి నాళాన్ని లోపలి నాళానికి కలిపే బైపాస్ ఆపరేషన్ని పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించారు, 1985లో ఒకటి, 2011లో ఇంకోటి. మందుల కంటే మేలు అని తేలలేదు. కాబట్టి 'టోటల్' అనే మాట వినగానే వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ మనసులో ఫైల్ మూసుకుంటుంది. నాదీ మూసుకుంది. స్కాన్ బొమ్మలు చూడకుండా, పేషెంట్‌ని చూడకుండా, ఫోన్లో ఒక్క మాట మీద.

తెల్లవారుజామున ఐదింటికి కుడిచెయ్యి మళ్లీ పడిపోయింది. పది నిమిషాలు.

ఏడింటికి వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు, మెడకు కాలర్‌తో. రాత్రి నుంచి దాన్ని ఎవరూ తీయలేదు. "డాక్టర్ పెట్టుకొమ్మన్నడు కద సార్" అన్నారు. వెల్క్రో చర్రుమని లాగి తీశాను. ఎడమ దవడ మూల కింద స్టెతస్కోప్ పెట్టి ఊపిరి బిగపట్టమన్నాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా 'ఉష్... ఉష్...' అని, కుక్కర్ విజిల్ వేసే ముందు సన్నగా ఆవిరి చిమ్మినట్టు శబ్దం. కుడివైపు అలాంటిదేమీ లేదు.

రక్తం ఇరుకు సందులోంచి వేగంగా దూసుకుపోతే వచ్చే శబ్దం అది. పూర్తిగా మూసుకుపోయిన గొట్టం శబ్దం చేయదు. ముఖానికి పోయే కొమ్మ ఇరుకైనా ఇలాంటి చప్పుడే రావచ్చు కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్మలేం. కానీ మూడు వారాల్లో నాలుగుసార్లు, అదీ ఒకే వైపు. పూర్తిగా మూసుకున్న నాళం మొండి చివర నుంచి కూడా అరుదుగా గడ్డలు రావచ్చు, కానీ ఇంత వరసగా వస్తుంటే ముందుగా అనుమానించాల్సింది తెరిచి ఉన్న ఇరుకునే. రాత్రంతా సెలైన్ ఎక్కించారు. ఇక ఆగలేదు, సీటీ యాంజియోగ్రామ్‌కి పంపాను.

నాళం తెరిచే ఉంది. చీలిక దగ్గర చుట్టూ సున్నం పట్టిన గట్టి పెంకు, మధ్యలో అర మిల్లీమీటరు దారి. పైన మామూలుగా ఉన్నచోట నాళం వెడల్పు 5 మిల్లీమీటర్లు. ఇరుకు ఎంతో లెక్కకట్టడానికి పైనున్న మామూలు భాగాన్నే కొలతగా తీసుకుంటాం. అర బై ఐదు, అంటే దారి 10 శాతమే, 90 శాతం ఇరుకు. పైన నాళం కుంచించుకుపోలేదు, అది మంచి విషయం. అలా కుంచించుకుపోయి ఉంటే ఆపరేషన్ లాభం అంత కచ్చితంగా చెప్పలేం. కుడివైపు 40 శాతం.

డాప్లర్ ఎందుకు తప్పు చెప్పింది? సున్నం పెంకు అల్ట్రాసౌండ్‌ని వెనక్కి తిప్పికొడుతుంది. పెంకు వెనక అంతా నల్లటి నీడ. ఆ నీడలో రక్తం రంగు కనిపించలేదు. 'కనిపించలేదు' అన్నది రిపోర్టులోకి వచ్చేసరికి 'లేదు' అయింది. డాప్లర్ చేసిన సహోద్యోగి, నేను ఆ బొమ్మలు మళ్లీ పక్కపక్కన కూర్చుని చూశాం. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ బొమ్మలు రాత్రే నా ఫోన్లో ఉన్నాయి, నేను తెరవలేదు.

కొడుకుతో, భార్యతో మాట్లాడటానికి కూర్చున్నప్పుడు కొడుకు అడిగిన ప్రశ్న చాలామంది అడగరు, అడగాల్సిందే.

"రాత్రి హండ్రెడ్ పర్సెంట్ బ్లాక్ అన్నరు, ఆపరేషన్ వద్దన్నరు. ఇప్పుడు నైంటీ అంటున్నరు, ఆపరేషన్ చేయాలె అంటున్నరు. తక్కువున్నదానికి చేస్తరు, ఎక్కువున్నదానికి చేయరు. ఇదేం లెక్క సార్?"

వినడానికి తలకిందులుగానే ఉంటుంది. బ్లాక్ అనగానే అందరికీ గుర్తొచ్చేది నీళ్లు రాని పైపు. మెదడుకి రక్తం అందకపోవడం వల్లే పక్షవాతం వస్తుందని, దారి వెడల్పు చేస్తే రక్తం ఎక్కువ పోతుందని, అందుకే ఆపరేషన్ అని అనుకుంటారు. కరోటిడ్ విషయంలో ఎక్కువసార్లు జరిగేది అది కాదు. మెదడు అడుగున, దానికి రక్తం తెచ్చే నాలుగు నాళాలూ కలిసే ఒక వలయం ఉంది. ఒకటి నెమ్మదిగా మూసుకుపోతుంటే మిగతా మూడింటి నుంచి రక్తం సర్దుకుంటుంది. ఒకవైపు కరోటిడ్ పూర్తిగా మూసుకుపోయి, ఆ సంగతే తెలియకుండా తిరిగేవాళ్లు ఉన్నారు. ఆ వలయం అందరికీ ఒకేలా ఉండదు, అది వేరే సంగతి, ఈ కేసులోనే తర్వాత వస్తుంది.

అసలు ప్రమాదం ముక్కలు. ఆ అబ్బాయికి నేను కుళాయి ఉదాహరణ చెప్పాను. తుప్పు పట్టిన కుళాయిని పూర్తిగా కట్టేస్తే బిందెలో తుప్పు పడదు. సన్నగా ధార వస్తున్నప్పుడే దాంతోపాటు తుప్పు పెచ్చులు కొట్టుకొస్తాయి. మీ నాన్నగారి నాళంలో పుండు పడిన చోట రక్తం గడ్డకడుతోంది, పెచ్చు ఊడుతోంది, ప్రవాహం దాన్ని పైకి మోసుకుపోతోంది. ఒకసారి కంట్లోకి పోయింది, ఒకసారి చేతిని నడిపించే చోటికి, ఒకసారి మాట దగ్గరికి. ఇంతవరకు చిన్నచిన్న ముక్కలు కాబట్టి కరిగిపోయాయి. ఆపరేషన్ రక్తం పెంచడానికి కాదు, ఆ పుండును తీసేయడానికి.

అంకెలు కూడా చెప్పాను. 1991లో వచ్చిన నాసెట్ ట్రయల్‌లో, 70 శాతానికి మించి ఇరుకు ఉండి ఇలా లక్షణాలు వచ్చినవాళ్లలో, మందులు మాత్రమే వాడిన నూరు మందిలో 26 మందికి రెండేళ్లలో ఆ వైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్ చేసినవాళ్లలో 9 మందికి. ఆ 9లో ఆపరేషన్ వల్ల వచ్చినవి కూడా కలిసే ఉన్నాయి. అప్పటి మందులు ఇప్పటంత మంచివి కావు. ఈరోజు స్టాటిన్లు, రెండు రకాల రక్తం పలచన చేసే మందులు వాడితే ఆ 26 తగ్గుతుంది. అయినా మూడు వారాల్లో నాలుగుసార్లు వచ్చిన మనిషిని మందుల మీదే ఉంచే ధైర్యం నాకు లేదు. ఆపరేషన్ వల్లే స్ట్రోక్ రావచ్చని, ప్రాణం పోవచ్చని కూడా చెప్పాను. లక్షణాలు ఉన్నవాళ్లలో ఈ ప్రమాదం నూటికి ఆరు దాటితే ఆ యూనిట్ ఈ ఆపరేషన్ చేయకూడదన్నది పాటించే హద్దు. ఎవరైనా సర్జన్ ఈ ఆపరేషన్ చెప్తే, 'మీ దగ్గర ఎంత?' అని అడగడంలో తప్పులేదు.

స్టెంట్ గురించి వాళ్లే అడిగారు. కొడుకు మామగారికి గుండెకు వేశారట, రెండో రోజు ఇంటికి వచ్చేశారట. 2010లో వచ్చిన క్రెస్ట్ ట్రయల్ ప్రకారం స్టెంట్, ఆపరేషన్ మొత్తమ్మీద దాదాపు సమానం. లోతుకు వెళ్తే స్టెంట్‌లో స్ట్రోకులు కొంచెం ఎక్కువ, ఆపరేషన్‌లో గుండెపోట్లు కొంచెం ఎక్కువ. డెబ్బై దగ్గర పడేకొద్దీ ఆపరేషన్ వైపు మొగ్గు. ఈయన విషయంలో నాకు ఆలోచించాల్సిన పనే పడలేదు. నాళం చుట్టూ సున్నం పెంకు ఉంది. దాంట్లో స్టెంట్ సరిగ్గా విచ్చుకోదు, బలవంతంగా బెలూన్ ఊదితే పెచ్చులు రాలతాయి. మెడ మీద ఇంతకుముందు ఆపరేషనో రేడియేషనో అయిన మనిషైతే నేనే స్టెంట్‌కి పంపేవాణ్ణి.

ఒప్పుకోనిది పేషెంటే. "దసరా అయినంక చేయించుకుంట సార్."

బతుకమ్మ పండక్కి ఒప్పుకున్న బ్లౌజులు నలభై దాకా ఉన్నాయి. పట్టుచీరల మీదివి. కోయాల్సింది ఆయనే. ఆయనకి ఇది మొండితనం కాదు, మాట ఇచ్చిన పని. తేలిగ్గా తీసేయలేదు నేను. కానీ ఈ జబ్బుకి ఒక గడువు ఉంది. లక్షణాలు వచ్చిన రెండు వారాల్లోపు ఆపరేషన్ చేస్తే వచ్చే లాభం, ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ కరిగిపోతుంది, ఎందుకంటే పెద్ద స్ట్రోక్ వచ్చేది ఉంటే ఎక్కువగా ఆ మొదటి రోజుల్లోనే వస్తుంది. దసరా అయ్యాక చేస్తే ప్రమాదం అంతా మోసి, లాభం పోగొట్టుకున్నట్టు. ఇదంతా చెప్పినా వినలేదు. చివరికి భార్య ఒక్క మాట అంది: "ఆ చెయ్యి పడిపోతే కత్తెర ఎవరు పడుతరు?" ఆయన కుడిచేతి వైపు చూసుకున్నారు. నాలుగోరోజు పొద్దున్నకి ఆపరేషన్ పెట్టాం.

ముందురోజు సాయంత్రం ప్యాచ్ గురించి మాట్లాడాను. నాళాన్ని నిలువుగా కోసి, లోపలి ముద్ద తీసేసి, మళ్లీ కుట్టాలి. ఎలా కుడతామో చాలామందికి చెప్పి అర్థమయ్యేలా చేయడానికి కాగితం, పెన్ను కావాలి. ఈయనకి అక్కర్లేకపోయింది.

"రెండంచులు కలిపి కుడితే పట్టేస్తది సార్. బ్లౌజు చెయ్యి టైట్ అయితే చంక కింద ముక్క వేస్తం చూడు, గట్ల ముక్క వేయాలె."

అదే. కుట్టులోకి పోయే అంచు మేరకు గొట్టం సన్నబడుతుంది, మళ్లీ ఇరుకవుతుంది. అందుకే ముక్క వేస్తాం. ముక్క మూడు రకాలుగా దొరుకుతుంది: కాలి నుంచి తీసిన సిర, పశువు గుండె చుట్టూ ఉండే పొరను శుద్ధి చేసి తయారుచేసింది, డాక్రాన్ గుడ్డ. మన దగ్గర రెండోది వాడేముందు అడిగి తీరాలి. అడగకుండా వేసి తర్వాత చెప్తే ఆ కుటుంబం మనల్ని క్షమించదు, క్షమించాల్సిన అవసరమూ లేదు. భార్య వెంటనే తల అడ్డంగా ఊపింది. డాక్రాన్ అంటే ఏంటని ఆయన అడిగారు. పాలియెస్టరే అన్నాను.

"అంటే టెరీకాట్ గుడ్డ నా మెడల వేస్తరా?"

"టెరీకాట్‌లో కాటన్ కలుస్తుంది. ఇందులో కలవదు." 

నవ్వారు. ఎమర్జెన్సీలో చేరాక మొదటిసారి. ఆయనకి ఇంకో సంగతి కూడా చెప్పాను, అది నాకు ఎప్పటికీ ఇష్టమైన కథ. హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ అనే సర్జన్ 1950లలో రక్తనాళాలకు బదులు వాడటానికి నైలాన్ గుడ్డ కొందామని షాపుకి వెళితే నైలాన్ అయిపోయిందట, ఉన్న డాక్రాన్ కొనుక్కొచ్చి భార్య కుట్టుమిషన్ మీద గొట్టాలు కుట్టాడు. అదే డెబేకీ 1953 ఆగస్టులో, ఇప్పుడు మనం చేయబోయే ఆపరేషన్ చేశాడు. పత్రికలో రాయలేదు కాబట్టి చాలాకాలం 1954లో లండన్‌లో చేసినదాన్నే మొదటిదిగా చెప్పుకున్నారు. మాస్టర్ గారు అంతా విని అడిగింది ఒకటే: "సింగర్ మిషనా సార్?" నాకు తెలియదు.

బీడీ ఊపిరితిత్తులు కాబట్టి పూర్తి మత్తు వద్దనుకున్నాం. మెడకు మాత్రమే సూదిమందు. పూర్తి మత్తుకీ దీనికీ ఫలితంలో పెద్ద తేడా లేదని 3500 మందికి పైగా పేషెంట్లతో చేసిన గాలా ట్రయల్ 2008లో తేల్చింది. అయినా మెలకువగా ఉన్న పేషెంట్ కంటే మంచి మానిటర్ నాకు తెలియదు. మా అనస్థీషియా మేడం దగ్గర పసుపురంగు రబ్బరు బాతుబొమ్మ ఒకటి ఉంటుంది, నొక్కితే కీచుమంటుంది. దాన్ని కుడిచేతిలో పెడతారు. మేడం చెప్పినప్పుడల్లా నొక్కాలి, మధ్యమధ్య మాట్లాడాలి. చెయ్యి, మాట రెండూ మెదడు ఎడమ సగానివే కదా.

మెడ కండరం ముందు అంచు వెంట కోసి లోపలికి వెళ్లాం. నాళం బయటపడింది. వేలితో ముట్టుకుంటే చీలిక దగ్గర గవ్వ ఉన్నట్టు గట్టిగా తగిలింది. అక్కడ ఎక్కువ కదపకూడదు, కదిపితే మనమే ముక్కలు పంపినవాళ్లమవుతాం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ 5000 యూనిట్లు ఇచ్చి మూడు నిమిషాలు ఆగాం. మెదడుకి పోయే కొమ్మకి ముందు క్లాంప్ (నాళాన్ని నొక్కి రక్తం ఆపే పట్టు), తర్వాత కింద, తర్వాత ముఖానికి పోయేదానికి. ఇంకా కోయలేదు. ఇది పరీక్ష మాత్రమే.

మేడం అడుగుతున్నారు: "ముప్పై ఆరు సైజు బ్లౌజుకి గుడ్డ ఎంత కావాలి మాస్టర్ గారూ?"

"లైనింగ్ ఉన్నదా, లేనిదా మేడం?"

కీచ్.

"లైనింగ్‌తో."

"లైనింగ్‌తోటి అయితే మీటరు... మీటరు..."

కీచ్ రాలేదు. మేడం గడియారం వైపు చూసి "తొంభై సెకన్లు" అన్నారు. "నొక్కండి మాస్టర్ గారూ." నిశ్శబ్దం. "మీటరు" అని ఇంకోసారి, అంతే.

వలయం అందరికీ ఒకేలా ఉండదన్నాను కదా. ఈయనకి అటువైపు నుంచి వచ్చే రక్తం సరిపోవడం లేదు. క్లాంపులు తీశాను. ఎంతసేపని అనుకోకండి, అర నిమిషం కూడా కాలేదు, నాకు చాలాసేపు అనిపించింది. కీచ్. తర్వాత ఆయన గొంతు, కొంచెం విసుగ్గా: "మీటరు సరిపోతది అంటున్న కద మేడం."

బీపీ కొద్దిగా పెంచమన్నాను. ఈసారి క్లాంప్ వేయగానే నాళం కోసి, రెండు చివర్లా సన్నటి ప్లాస్టిక్ ట్యూబు దూర్చాం, దాన్ని షంట్ అంటాం. మేం పని చేస్తున్నంతసేపూ రక్తం ఆ ట్యూబులోంచి మెదడుకి పోతుంది. మెలకువగా చేసేవాళ్లలో నూటికి పది పదిహేను మందికి ఇది కావాల్సి వస్తుంది. రెండు నిమిషాలు పట్టింది. చివర్లో బాతు ఒకసారి తడబడింది, మళ్లీ అందుకుంది.

ఆ ముద్ద నాళం గోడ నుంచి ఒలిచినట్టు వచ్చేస్తుంది, సరైన పొర దొరికితే. మూడు సెంటీమీటర్ల పొడవు. బయట పెంకు, లోపల ఉడికిన గుడ్డు పచ్చసొనలా పొడిపొడిగా. మధ్యలో గోటితో గీరినట్టు ఒక పుండు, దాన్ని అంటుకుని ముదురు ఎరుపు రంగులో తాజా రక్తపు గడ్డ, బియ్యపు గింజలో సగం. ఐదోసారి పైకి పోవడానికి సిద్ధంగా ఉన్నది అదే.

డాక్రాన్ ముక్కను 6-0 ప్రోలీన్ దారంతో కుట్టాం. చివరి రెండు కుట్లు మిగిలి ఉండగా షంట్ తీసి, మూడువైపుల నుంచీ రక్తాన్ని బయటికి వదిలి కడిగాం. క్లాంపులు తీసే వరస మాత్రం మారకూడదు. ముందు ముఖం వైపు, తర్వాతే మెదడు వైపు. ఏదైనా పెచ్చు మిగిలి ఉంటే అది చెంపకి పోవాలి గానీ మాటకి పోకూడదు.

రెండో రాత్రి టెన్షన్ పెట్టారు. ఎడమ కణతలో తలనొప్పి, బీపీ 176. ఏళ్ల తరబడి తక్కువ ప్రెషర్‌కి అలవాటుపడి వెడల్పుగా తెరుచుకుని ఉన్న మెదడు నాళాల్లోకి ఒక్కసారిగా పూర్తి ధార వెళ్తే అవి తట్టుకోలేవు. మొదట తలనొప్పి, తర్వాత ఫిట్స్, మరీ ముదిరితే మెదడులో రక్తస్రావం. ఈ ఆపరేషన్ బాగా జరిగిందని సంతోషపడ్డ తర్వాత పేషెంట్‌ని పోగొట్టుకునే దారి ఇది. సీటీ తీయించాం, రక్తం లేదు. లాబెటలాల్ డ్రిప్ పెట్టి పై బీపీని 140 దాటనివ్వలేదు. తెల్లారేసరికి నొప్పి తగ్గింది. ఐదోరోజు ఇంటికి పంపేటప్పుడు బీపీ మిషన్ కొనిపించాను. రోజూ రెండుసార్లు చూసి రాయాలని, ఆపరేషన్ చేసిన వైపు తలనొప్పి వస్తే మాత్రలు మింగి పడుకోకుండా వెంటనే ఫోన్ చేయాలని కూతురికి చెప్పాను. కొడుక్కి కాదు, కూతురికే.

పదిరోజులకి కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒక ఫిర్యాదు తెచ్చారు. "దారం కొస తడుపుదామంటే నాలుక పక్కకి పోతున్నది సార్." సూదిలో దారం ఎక్కించేముందు కొసను నాలుకతో తడిపి పెదాలతో నులమడం ఆయనకి ఊపిరంత అలవాటు. నాలుక చాపమంటే ఎడమకు వంగింది. నాళం మీదుగా నాలుకకి వెళ్లే నరం ఒకటి ఉంటుంది. దాన్ని తెంపలేదు, కానీ పక్కకి పట్టి ఉంచినప్పుడు నలిగింది. వారాల్లో కోలుకుంటుందని చెప్పాను. ఆరో వారానికి తిన్నగా వచ్చింది. అప్పటిదాకా దారం మనవరాలు ఎక్కించింది. ఎడమ చెవి తమ్మె మాత్రం ఇంకా మొద్దుబారే ఉంది, గడ్డం గీసుకుంటుంటే బ్లేడు తగిలినా తెలియదట. అది ఉండిపోవచ్చు.

ఆ సంవత్సరం నలభై బ్లౌజుల్లో సగం వేరే షాపుకి ఇచ్చారు.

ఆ తర్వాత మా యూనిట్‌లో ఒకటి మార్చాం. డాప్లర్‌లో 'పూర్తిగా మూసుకుపోయింది' అని వస్తే, సీటీ యాంజియోనో ఎంఆర్ యాంజియోనో అయ్యేదాకా ఆ మాట కేస్ షీట్‌లో ఎక్కదు, నాకు ఫోన్లో చెప్పినా సరే. రెండోది రాతలో లేదు: మెడ కాలర్‌తో వచ్చిన వాళ్ల కాలర్ తీసి వినడం.

ఇంకో సంగతి కూడా రాయాలి, ఎందుకంటే ఇలాంటి కేసు గురించి విన్నవాళ్లు వెంటనే మెడ డాప్లర్‌కి పరిగెడతారు. కళ్లు తిరుగుతున్నాయని, మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో 30 శాతం అని వచ్చిందని భయపడుతూ వారానికి ఒకరైనా నా దగ్గరికి వస్తారు. ఉత్త కళ్లు తిరగడం కరోటిడ్ లక్షణం కాదు. ఏ లక్షణమూ లేనివాళ్లందరికీ ఈ స్కాన్ చేయడం వల్ల లాభం లేదు. ఒక కంటికి తెర పడటం, ఒక పక్క చెయ్యీ కాలూ లేదా మూతి పడిపోవడం, మాట తేడా రావడం, ఇవి వచ్చి తగ్గినా సరే అదే రోజు రావాలి. తగ్గకపోతే ఇంకా తొందరగా రావాలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పసరు మందు ఎక్కడ పోస్తారా అని వెతుకుతూ ఆ గంటలు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఆరు నెలల చెకప్‌కి మాస్టర్ గారు ఒక్కరే వచ్చారు, సిటీ బస్సులో. చెడ్డ కొలెస్ట్రాల్ 58, షుగర్ లెక్క 7.1. క్లోపిడోగ్రెల్ ఆపేశాం, ఆస్పిరిన్, స్టాటిన్ జీవితాంతం. ప్యాచ్ బాగుంది, ఈసారి డాప్లర్ చేస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. బీడీలు మానేశారా అని అడిగితే "కట్ట లేదు సార్ ఇప్పుడు" అన్నారు. ఎన్ని అని అడిగాను. నాలుగు. నాలుగు కూడా ఎందుకు వద్దో ఇంకోసారి చెప్పాను, ఆయన ఇంకోసారి తలూపారు.

వెళ్లబోతూ కుడి మెడ మీద వేలు పెట్టి అడిగారు: "ఈ దిక్కు కూడ ఉన్నదన్నరు కద. ఇటు కూడ ముక్క వేస్తరా?"

వేయం అన్నాను. 40 శాతమే, ఇంతవరకు అటువైపు నుంచి ఏ గొడవా రాలేదు, కోస్తే లాభం కంటే ప్రమాదమే ఎక్కువ. మాత్రలు, బీపీ, ఆ నాలుగు బీడీలు, అంతే దానికి వైద్యం. ఏడాదికోసారి చూద్దాం.

"గట్లనే" అని మందుల చీటీ మడిచి, టేపు పెట్టుకునే జేబులో పెట్టుకున్నారు.